మాట రాని మనిషితో మాట్లాడటం

మందుల షాపు దగ్గర క్యూ వదులుకుని వచ్చిన వాళ్ళు కూడా మీలో ఉన్నారు. అందుకని నేరుగా సంగతిలోకి వస్తాను. పక్షవాతం వచ్చి మాట పడిపోయిన మనిషితో ఇంట్లో ఎలా మాట్లాడాలో ఈ రోజు చెప్పుకుందాం.

ముందుగా నా తప్పు ఒకటి చెబుతాను. నేను నర్సింగ్ డిప్లొమా పూర్తి చేసి డ్యూటీలో చేరిన కొత్తలో మా వార్డుకు ఒక వడ్ల వ్యాపారిని తీసుకువచ్చారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నోట ఒకే ఒక్క మాట వచ్చేది, "రేపు" అని. అన్నం తిన్నారా అంటే రేపు. నొప్పిగా ఉందా అంటే రేపు. మీ పేరేమిటండీ అంటే పెదవులు కదిపి, ఎంతో కష్టపడి, చివరికి మళ్ళీ అదే "రేపు". కొడుకులు మంచం ప్రక్కనే నిలబడి, "నాన్నకు మతి పోయింది, పొలం కాగితాల మీద వేలిముద్ర వేయించేద్దాం" అనుకుంటున్నారు. నేను కూడా ఆయన ఎదుటే ఆయన భార్యతో, "ఈయనకు ఇక ఏమీ తెలియదమ్మా" అనేశాను. ఆయన ముఖం గోడ వైపు త్రిప్పుకున్నారు.

రెండు రోజుల తరువాత స్పీచ్ థెరపిస్టు వచ్చింది. చిన్న వయసు అమ్మాయి. ఒక పళ్ళెంలో దువ్వెన, తాళంచెవి, చెంచా, రూపాయి బిళ్ళ పెట్టి, "తాళంచెవి చూపించండి" అంది. ఎడమ చేత్తో చూపించారు. "మీకు ఇద్దరు కొడుకులా?" అంటే తల ఊపారు. "ముగ్గురా?" అంటే కాదన్నట్టు ఊపారు. అది చూసి ఆయన భార్య పొలం సంగతి కూడా అడగమని బ్రతిమాలింది. ఆ అమ్మాయి కాగితం మీద పెద్ద అక్షరాలతో "అమ్మాలి" అని ఒక ప్రక్క, "అమ్మకూడదు" అని ఇంకో ప్రక్క వ్రాసింది. ఆయన "అమ్మకూడదు" మీద వేలు పెట్టి తీయలేదు. కాగితం త్రిప్పి పెట్టి మళ్ళీ అడిగినా వేలు అక్కడికే వెళ్ళింది. అంటే నా మాట కూడా ఆయన విన్నారన్నమాట. మరునాడు క్షమించమని అడిగాను. నవ్వుతూ "రేపు" అన్నారు.

దీనిని అఫేసియా అంటారు. చాలామందిలో భాషకు సంబంధించిన పని మెదడు ఎడమ భాగంలో జరుగుతుంది. శరీరంలో కుడి వైపును నడిపేది కూడా ఆ ఎడమ భాగమే. అందుకే కుడి వైపు పడిపోయిన వాళ్ళలో మాట కూడా పోవడం ఎక్కువగా చూస్తాము. 1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు ఒక రోగిని పరీక్షించాడు. ఏమి అడిగినా అతని నోట "టాన్" అనే మాటే వచ్చేది, కానీ ఎదుటివాళ్ళు చెప్పేది చాలావరకు అర్థమయ్యేది. మా వడ్ల వ్యాపారి వంటివాడే.

అయితే అందరిదీ ఒకే రకం కాదు. కొందరికి మాట ధారాళంగానే వస్తుంది గాని అందులో అర్థం ఉండదు, మనం చెప్పేదీ సరిగా బోధపడదు. ఇంకొందరికి భాష బాగానే ఉంటుంది, నాలుక, పెదవులు పట్టు తప్పి మాట ముద్దగా వస్తుంది. ఏది ఏమిటో స్పీచ్ థెరపిస్టు పరీక్ష చేసి చెప్పాలి, ఎందుకంటే ఒక్కొక్క దానికి ఒక్కొక్క సాధన. ఒకటి మాత్రం అందరికీ చెబుతాను. వాళ్ళు చెవిటివాళ్ళు కారు, అరవకండి.

ఇంట్లో అన్నింటికన్నా కష్టమైన పని ఆగడం. భర్త "నీ... నీ..." అనగానే భార్య "నీళ్ళా? నిద్రా? నీరసమా?" అని గుక్క తిప్పుకోకుండా అడుగుతుంది. ప్రేమతోనే అడుగుతుంది. కానీ ఆ ప్రశ్నలలో ఆయన వెతుక్కుంటున్న మాట కొట్టుకుపోతుంది. టీవీ కట్టేసి, ఎదురుగా కూర్చుని, మనసులో పది లెక్కపెట్టండి. అప్పటికీ రాకపోతే మొదటి అక్షరం అందించండి, లేదా గ్లాసు చూపించండి. అడిగేటప్పుడు ఒక్కటే అడగండి: "కాఫీ కావాలా?" అని. వాళ్ళ "అవును", "కాదు" ఒక్కోసారి తారుమారవుతాయి కాబట్టి, "అయితే కాఫీ వద్దా?" అని త్రిప్పి కూడా అడగండి. తప్పు పలికినా అర్థమైతే చాలు, దిద్దకండి.

పరామర్శకు వచ్చేవాళ్ళ సంగతి వేరే చెప్పాలి. మన ఊళ్ళలో వచ్చిన ప్రతివారూ మంచం దగ్గర నిలబడి, "నేనెవరినో చెప్పు చూద్దాం" అంటారు. రోజుకు పదిమంది పరీక్ష పెడితే ఏ మనిషి తట్టుకుంటాడు? గుమ్మం దగ్గరే వాళ్ళకు చెప్పండి, తమ పేరు తామే చెప్పి కాసేపు కబుర్లు చెప్పి వెళ్ళమని.

మాట రానివాళ్ళు కొందరు పాట పాడతారు, ఒకటి నుండి పది వరకు అంకెలు, వారాల పేర్లు, కంఠస్థమైన ప్రార్థన గడగడా చెబుతారు. నటన అనుకోకండి. అలవాటుగా వచ్చే మాట వేరు, వెతికి చెప్పే మాట వేరు. కొందరికి బూతుమాటే బయటకు వస్తుంది. జీవితంలో ఎన్నడూ అటువంటి మాట ఎరుగని ఒక టీచరమ్మ నోట విని కూతురు సిగ్గుతో ఏడ్చింది. అది జబ్బు పలికించిన మాటమ్మా అని చెప్పవలసి వచ్చింది.

ఒక నోటు పుస్తకంలో ఇంటివాళ్ళ ఫోటోలు, నీళ్ళు, టీ, బాత్రూమ్, నొప్పి, కళ్ళజోడు బొమ్మలు అంటించి చేతికి అందేలా పెట్టండి. సెల్‌ఫోనులో ఫోటోలు తీసి ఉంచినా సరే. ఇంట్లో ఏ భాష మాట్లాడేవారో ఆ భాషలోనే మాట్లాడండి.

మొదటి కొన్ని నెలలలో మాట త్వరగా మెరుగవుతుంది. ఆరు నెలలు దాటితే ఇక రాదనే మాట నమ్మవద్దు. సంవత్సరం దాటిన తరువాత కూడా సాధనతో మెరుగైన వాళ్ళున్నారు. మన దగ్గర సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, మైసూరులో 1965లో పెట్టిన వాక్ శ్రవణ సంస్థ ఉంది. శాశ్వతంగా మాట పోయినవారు వైకల్య ధృవపత్రం అడగవచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో మాట, భాష వైకల్యం క్రింద అఫేసియా పేరు ఉంది.

వెళ్ళేముందు ఇంకొకటి. నీళ్ళు త్రాగితే పొలమారుతున్నా, త్రాగిన తరువాత గొంతు గరగరలాడుతున్నా, బలవంతంగా పట్టించకండి. మింగడం పరీక్షించేది కూడా స్పీచ్ థెరపిస్టే. అటువంటివారు మీలో ఎవరింట్లో ఉన్నా ఇప్పుడే నా దగ్గరకు రండి, మధ్యాహ్నం భోజనాలు పెట్టకముందే చూపిద్దాం.