శామీర్‌పేట దాకా వచ్చిన సిగ్నలు

(డిసెంబరు 17న పింఛనుదారుల దినోత్సవ సభలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



సెల్‌ఫోను కంపెనీలు ఊళ్లకు ఎలా విస్తరించాయో చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నేను ముప్పై నాలుగేళ్లు టెలిఫోను తీగలతో బతికినవాణ్ణి. తీగ లేని ఫోను గురించి నన్ను మాట్లాడమనడం, ఎడ్లబండివాణ్ణి పిలిచి రైలు గురించి చెప్పమన్నట్టుంది. అయితే ఆ రైలు మా ఊరి మీదుగానే వెళ్లింది కనుక, చూసింది చూసినట్టు మనవి చేస్తాను.

సెల్‌ఫోను లైసెన్సులు ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాలకు విడిగా ఇచ్చారు. మిగతా దేశాన్ని సర్కిళ్లుగా విభజించి 1995 ప్రాంతంలో వేలం పెట్టారు. మన హైదరాబాదుకు ప్రత్యేక లైసెన్సు లేదు. అది ఆంధ్రప్రదేశ్ సర్కిల్లో ఒక భాగం. హైదరాబాదు వ్యాపారం కావాలనుకున్న కంపెనీ శ్రీకాకుళం నుంచి ఆదిలాబాదు దాకా మొత్తం తలకెత్తుకోవలసిందే. 2014లో రాష్ట్రం రెండయినా లైసెన్సు లెక్కలో ఇప్పటికీ రెండూ కలిపి ఒకే సర్కిల్. ఈ చిన్న సంగతిలోనే అసలు కథ ఉంది.

మొదట ఈ సర్కిల్ దక్కినవి రెండు కంపెనీలు: టాటా సెల్యులార్, జె.టి. మొబైల్స్. 98480తో మొదలయ్యే నంబరు చూస్తే టాటా వారిది, 98490 చూస్తే జె.టి. వారిది అని చెప్పేవాళ్లం. మీలో కొందరి దగ్గర ఆ నంబర్లు ఇంకా ఉండి ఉంటాయి. జాగ్రత్తగా ఉంచుకోండి, అవి చరిత్ర!

వేలంలో పోటీపడి పాడిన లైసెన్సు ఫీజులు కంపెనీల మెడకు చుట్టుకున్నాయి. నిమిషానికి 16 రూపాయల దాకా వసూలు చేస్తుంటే ఫోను ఎవరు కొంటారు? కొన్నవాళ్లు మాత్రం ఎన్ని మాటలు మాట్లాడతారు? వచ్చిన కాలుకూ డబ్బు కట్టాలాయె. 1999లో కొత్త టెలికాం విధానం వచ్చి, నిర్ణీత ఫీజు బదులు ఆదాయంలో వాటా ఇస్తే చాలన్నారు. కంపెనీలకు ఊపిరి అందింది. అదే సంవత్సరం, 1995లో ఢిల్లీలో ఎయిర్‌టెల్ మొదలుపెట్టిన భారతి సంస్థ, జె.టి. మొబైల్స్‌ను చేజిక్కించుకుని ఆంధ్రకు, కర్ణాటకకు వచ్చింది. 2000లో చెన్నైలో స్కైసెల్, 2001లో కలకత్తాలో స్పైస్ సెల్. కమతం పక్క కమతం కొనుక్కుంటూ పోయిన రైతులా పెరిగింది ఆ కంపెనీ. టాటా సెల్యులార్ బిర్లా, ఏటీఅండ్‌టీలతో కలిసి 2002లో ఐడియా అయింది, 2018లో వొడాఫోన్ ఐడియాలో కలిసింది. ప్రభుత్వరంగ బీఎస్ఎన్ఎల్ 2002 అక్టోబరులో గాని సెల్ సేవలు మొదలుపెట్టలేదు. మా 94400 నంబర్లు అప్పటివి.

కాగితం మీద సర్కిల్ కొనడం వేరు, ఊళ్లో సిగ్నలు రావడం వేరు. సికింద్రాబాదు నుంచి ఉత్తరంగా రెండు రోడ్లు చీలతాయి. ఒకటి కొంపల్లి మీదుగా మేడ్చల్, ఆపైన నాగపూరు. రెండోది అల్వాల్, హకీంపేట మీదుగా శామీర్‌పేట, ఆపైన కరీంనగర్. నేను చూసినంతలో సిగ్నలు ముందుగా ఈ రోడ్ల వెంటే నడిచింది. కారులో వెళ్లే షావుకారు మాట మధ్యలో తెగకూడదు కదా! రెండు రోడ్ల నడుమ ఉన్న పల్లెలు మాత్రం పంగలకర్ర మధ్య సందులా ఉండిపోయాయి. మన ప్రాంతమంతా రాతిగుట్టలు. ఒక టవరు డిష్షు రెండో టవరు డిష్షుకు సూటిగా కనబడాలి, మధ్యలో గుట్ట అడ్డం వస్తే ఇంకో టవరు వెయ్యాలి. హకీంపేటలో వైమానిక దళం విమానాలు దిగుతాయి గనుక ఆ చుట్టుపక్కల ఎత్తుకు అనుమతులు కావాలి. టవరుకు కరెంటు, కరెంటు పోతే డీజిలు, స్థలం ఇచ్చిన రైతుకు అద్దె. పది ఫోన్లున్న పల్లె కోసం ఇంత ఖర్చు ఎవరు పెడతారు?

పెట్టారు. ఎందుకు పెట్టారో చెబుతాను. 1998లో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఏర్పడి తరువాత శామీర్‌పేటలో స్థిరపడింది. తుర్కపల్లిలో నాలెడ్జి పార్కు, ఆ చుట్టూ జీనోమ్ వ్యాలీ, 2008లో బిట్స్ వచ్చాయి. మేడ్చల్ వైపు ఫ్యాక్టరీలు. కాని వీటన్నిటికన్నా పెద్ద కారణం 2003 మే ఒకటో తారీఖున వచ్చింది. ఆనాటి నుంచి వచ్చే కాలుకు డబ్బు లేదు. కూలివాడు, కూరగాయలమ్మే ఆమె, లారీ క్లీనరు, అందరూ ఫోనుకు అర్హులైపోయారు. 2007లో భారతి, వొడాఫోన్, ఐడియా కలిసి ఇండస్ టవర్స్ పెట్టుకున్నాయి. ఒకే టవరు మీద ముగ్గురి యాంటెన్నాలు. ఖర్చు పంచుకున్నాక సందులో పల్లెలకూ టవర్లు వచ్చాయి.

ఇక్కడ నా సొంత మాట ఒకటి చెప్పక తప్పదు. మాది శామీర్‌పేట పక్క పల్లె. 1986లో మా నాయినకు పక్షవాతం వచ్చింది. నేను సికింద్రాబాదులో ఎవరెవరి ఇళ్లకో తీగలు లాగుతున్నాను. మా ఇంట్లో ఫోను లేదు, పల్లెలోనూ లేదు. పక్కింటి పిల్లవాడు మొదటి బస్సు పట్టుకుని పొద్దున వచ్చి చెప్పాడు. నేను వెళ్లేసరికి నాయిన మాట పోయింది. ఆ తర్వాత మూడు నెలలు బతికాడు, నన్ను చూసి ఏదో చెప్పబోయేవాడు. ఏమిటో నాకు తెలియలేదు.

మేడ్చల్, శామీర్‌పేట వాళ్లకు ఆ రోజుల్లో పట్నం కోడు 040 కాదు, 08418. ఫోనున్నవాడికి కూడా సికింద్రాబాదు దూరదేశమే. మొట్టమొదట సెల్‌ఫోను చూసినప్పుడు నేను నవ్వాను. డబ్బున్నవాడి ఆటవస్తువు, పల్లెకు రాదు అని మా ఆఫీసులో పందెం కూడా వేశాను. ఓడిపోయాను.

2004లో మా అన్న కొడుకు అమ్మకు ఒక ఫోను కొనిచ్చాడు. ఇంట్లో సిగ్నలు అందేది కాదు, అమ్మ మేడమెట్లు సగం ఎక్కి మాట్లాడేది. ఒక్క రింగు ఇస్తే బాగున్నానని, రెండు రింగులిస్తే నేను చెయ్యాలని. మొదటి రోజు నాతో అన్నమాట ఇది: "ఇన్నేండ్లు ఊరందరికీ తీగ గుంజినవ్ గదరా, మనింటికి తీగ లేకుండనే వచ్చింది." నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఇప్పుడు మనకు అవసరమైన సంగతులు. పది దాకా ఉన్న కంపెనీలు నాలుగైపోయాయి, రీచార్జి ధరలు పెరిగాయి. మన పింఛను, బ్యాంకు, గ్యాసు, అన్నిటికీ ఆ నంబరే తాళంచెవి. ప్రీపెయిడ్ నంబరు 90 రోజులు ఏ విధంగానూ వాడకపోతే రద్దయి మరొకరికి పోవచ్చు. అప్పుడు మీ బ్యాంకు పంపే ఓటీపీ ఎవరికో చేరుతుంది. పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లేవారు ఇది ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. ఇంటర్నెట్ అక్కర లేనివారికి మాట, ఎస్ఎంఎస్ మాత్రమే ఉండే ప్యాకులు పెట్టాలని ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించింది. వాటి గడువు 365 రోజుల దాకా ఉండవచ్చు. దుకాణంవాడు తనంతట తాను చెప్పడు, మీరే అడగాలి. మీ వీధిలో సిగ్నలు బాగా లేకపోతే నంబరు మార్చకుండానే కంపెనీ మారవచ్చు. ఈ సౌకర్యం 2011 జనవరి నుంచి దేశమంతటా ఉంది.

లైఫ్ సర్టిఫికెట్ కూడా ఇప్పుడు ఫోనులో ముఖం చూపించి ఇవ్వవచ్చు. ఇంకా ఇవ్వనివారుంటే భోజనాల తర్వాత కిటికీ పక్క బల్ల దగ్గరకు రండి, నేనూ మా మనవరాలూ అక్కడే ఉంటాం. ఈ హాలులో సిగ్నలు ఆ మూలే బాగుంది. ఆధారు కార్డు, పింఛను పత్రం తెచ్చుకోండి, కళ్లద్దాలు మరవకండి.