రానివానిపై పన్ను

(పురజనుల సభలో చేసిన ఉపన్యాసము)



కొత్త ఇండ్లకు అనుమతి నిచ్చునప్పుడు పురపాలక సంఘములు ముందుగా వసూలుచేయు అభివృద్ధి రుసుములను గూర్చి మాటలాడుమని మీరు మమ్ము కోరితిరి. రుసుముల పట్టిక విని ఎవరును పరవశులు కారు. అయినను మన ఊరిలో కొన్ని మాసములుగా ఒక మాట గట్టిగా వినవచ్చుచున్నది: “పొరుగూరివారు ఇంటికి ఇంత తీసికొనుచున్నారు, మనమేల తక్కువ తీసికొనవలెను?” పెద్దలును ఈ మాటయే చెప్పుచున్నారు, చదువుకొన్నవారును ఈ మాటయే చెప్పుచున్నారు. పొరుగూరి లెక్క మన లెక్కకు ప్రమాణమగునా యన్నదే నేటి ప్రశ్న. ఈ ప్రశ్నను మనకంటె ముందుగా ఎదుర్కొని దాని ఫలమును అనుభవించిన చోట్లు కలవు. ముందు వాటి సంగతి చెప్పి, పిమ్మట మన గడపకు వచ్చెదము.

మీలో పలువురి బిడ్డలు కాలిఫోర్నియాలో నున్నారు. ఫ్రీమాంటు నగరము పేరు తెలియని తెలుగు గృహము నేడు అరుదు. 2018లో బర్కిలీ విశ్వవిద్యాలయమునకు చెందిన టెర్నరు కేంద్రమువారు ఆ రాష్ట్రమున ఏడు నగరములను దీసికొని, కొత్త ఇంటిపై పడు రుసుములన్నిటిని కూడి చూచిరి. విడి ఇల్లొకటి కట్టుటకు శాక్రమెంటోలో సుమారు 21,000 డాలర్లు, ఫ్రీమాంటులో సుమారు 1,57,000 డాలర్లు తేలినవి. పలు వాటాల భవనములో ఒక్కొక్క వాటాకు లాసేంజిలెసులో 12,000 డాలర్లు, ఫ్రీమాంటులో 75,000 డాలర్లు. ఆ నగరములలో ఇండ్ల నడిమి ధరతో పోల్చగా ఈ రుసుములు నూటికి 6 మొదలు 18 వరకు నుండెను. ఇది ఇటుకల వెలయు కాదు, కలప వెలయు కాదు, కూలియు కాదు. ఇల్లు కట్టుకొనుటకు సెలవు పుచ్చుకొన్నందుకు చెల్లింపవలసిన సొమ్ము.

ఒకే రాష్ట్రము, ఒకే రాజ్యాంగము, ఒకే శాసనసభ. అయినను ఏడు రెట్లకు మించిన తేడా. ఫ్రీమాంటులో నీటిగొట్టములను వెండితో పోసిరా?

అయితే లెక్కలను పోల్చునప్పుడు తొందరపడరాదు. కక్షిదారు తెచ్చిన కాగితములో మొదటి పుట మాత్రము చదివి వాదమునకు దిగిన వకీళ్ల గతిని మేము పలుమారు చూచితిమి, ఒకమారు అనుభవించితిమి కూడ. ఈ తేడాలో కొంత న్యాయమైనది కలదు. అచ్చటి చట్టము ప్రకారము కొత్త నివాసములవలన వచ్చు ప్రతి వెయ్యిమందికి 3 ఎకరముల ఉద్యానభూమినైనను, దానికి బదులు సొమ్మునైనను నగరము కోరవచ్చును. భూమి ప్రియమైనచోట ఆ సొమ్మును ప్రియమగును. మరియు కొన్ని ఊళ్లు మొదటనే తీసికొనక ఏటేట తీసికొనును. 1982లో చేసిన మెల్లో-రూసు శాసనము ననుసరించి, కొత్త పేటలను ప్రత్యేక మండలములుగ నేర్పరచి, రోడ్లకును బడులకును ఆ ఇండ్లపై సంవత్సరము వెంట సంవత్సరము పన్ను వేయుదురు. మొదటి దినపు రుసుము మాత్రము చూచినవానికి ఆ ఊరు చౌకగా కనబడును. ఒకడు పొలమమ్మి పెండ్లి చేసెను, వేరొకడు అప్పు తెచ్చి చేసెను. పొలము పోనివానికి ఖర్చు కాలేదనుకొన్నట్లుండును ఈ పోలిక. పొరుగూరి రుసుమును చూపువారు ముందుగా పొరుగూరి ఏటి పన్నును గూడ చూపవలెను.

ఇవన్నియు తీసివేసినను తేడా మిగులును. దాని మూలము తెలియుటకు 1978వ సంవత్సరమునకు పోవలెను.

ఆ యేటి జూను మాసమున కాలిఫోర్నియా ప్రజలు పదుమూడవ ప్రతిపాదనను ఓటు వేసి నెగ్గించిరి. స్థిరాస్తిపై పన్ను దాని విలువలో నూటికి 1కి మించరాదు. విలువను 1975 నాటి లెక్కకు వెనుకకు త్రిప్పవలెను. ఆ పిమ్మట ఏటికి నూటికి 2కి మించి పెంచరాదు. ఆస్తి చేతులు మారినప్పుడు కొత్త వెల కట్టవలెను. దీనిని కోరినవారిని మేము నిందింపము. ఇంటి ధర పెరిగినంత మాత్రమున వృద్ధుని రాబడి పెరుగదు. పన్ను కట్టలేక పుట్టిన ఇల్లు విడువవలసి వచ్చునేమో యని వారు భయపడిరి. ఆ భయము నిజమైనది. మేమచ్చట నుండినచో మేమును ఓటు వేసి యుందుమేమో. కాని ఫలము చూడుడు. ఒకే వీధిలో, ఒకే తీరున నున్న రెండు ఇండ్లలో నలువది యేండ్ల క్రిందట కొన్నవాడు చెల్లించునది ఒకటి, నిన్న కొన్నవాడు చెల్లించునది దానికి పలు రెట్లు. నగరమునకు రోడ్డు కావలెను, పార్కు కావలెను, మురుగు కాలువ కావలెను. పాతవానిని ముట్టరాదు. 1996లో నింకొక ప్రతిపాదన వచ్చి, నగరములు సాధారణ పన్ను వేయవలెనన్నను ప్రజల ఓటు ఉండవలెనని కట్టడి చేసెను. ఇంటి నిర్మాణమునకు షరతుగా విధించు రుసుమునకు మాత్రము అట్టి ఓటుతో పని లేదు.

ఇంక చెప్పనేల? ఓటు లేనివాడెవడో వానిపై భారము వ్రాలెను. కొత్తగా రాబోవు వానికి ఆ ఊరిలో ఓటు లేదు. తానచ్చటికి పోవుదునని వానికే యింకను తెలియదు. నగరసభలో పాతవాడు లేచి మాటలాడును. కొత్తవాని పక్షమున లేచువాడు లేడు. ప్రాతినిధ్యము లేనిచోట పన్ను వేయరాదని చెప్పి యొక సామ్రాజ్యముపై తిరుగబడిన దేశములో ఇది జరిగెను! భవనము కట్టించు వర్తకుడు చెల్లించును గదా, వానికేమి లోటని మీరనవచ్చును. వర్తకుడు మొదటి దినముననే అప్పు తెచ్చి చెల్లించును. ఇల్లు అమ్మువరకు వడ్డీ పెరుగుచుండును. అంగడి సాగినన్నాళ్లు అసలును వడ్డీయు కొనువాని ధరలోనికి త్రోయజూచును, సాగనినాడు కట్టుటయే మానుకొనును. ఇల్లు కావలసినవానికి రెండు విధములను నష్టమే.

ఆ ఏడు నగరముల పరిశీలనలో రుసుముల పరిమాణముకంటె మమ్ము కలవరపెట్టినది వేరొకటి. మొత్తమెంత యగునో ముందుగా తెలిసికొనుటయే కష్టమట. ఒక శాఖ లెక్క వేరొక శాఖకు తెలియదు. 2019లో ఆ రాష్ట్రము, ప్రతి నగరమును తన రుసుములన్నిటిని అంతర్జాలములో ప్రకటింపవలెనని శాసించెను. 2021లో, కొత్తగా వేయు రుసుమును ఇంటి వైశాల్యము ననుసరించి లెక్కింపవలెననియు, అట్లు కానిచో కారణము వ్రాయవలెననియు నియమించెను. చిన్న ఇంటివాడును పెద్ద ఇంటివాడును సరిసమానముగ చెల్లించు పద్ధతికి ఇది కొంత విరుగుడు.

న్యాయస్థానములలో నేమి జరిగెనో చెప్పకుండుట మా వృత్తికి ద్రోహము. ఎల్‌డొరాడో కౌంటీలో జార్జి షీట్జు అను గృహస్థు తన సొంత భూమిలో కర్మాగారమున తయారైన చిన్న ఇంటిని నిలుపుకొనదలచెను. రాకపోకల రద్దీ నిమిత్తము 23,420 డాలర్లు కట్టుమనిరి. నిరసన తెలుపుచు కట్టి, దావా వేసెను. తన ఇంటివలన రోడ్డుపై పడు భారమెంతో లెక్కింపకయే పట్టిక చూచి వసూలుచేసిరని అతని వాదము. అమెరికా సర్వోన్నత న్యాయస్థానము 1987లో నొల్లను వ్యాజ్యమునందును, 1994లో డోలను వ్యాజ్యమునందును రెండు సూత్రములు నిలిపియుండెను: అనుమతికి పెట్టు షరతునకును ఆ నిర్మాణమువలన కలుగు భారమునకును సంబంధముండవలెను, షరతు ఆ భారమునకు ఇంచుమించు తగినంతయే యుండవలెను. అవి అధికారి ఒక్కొక్కరికి విధించు షరతులకే వర్తించుననియు, చట్టముగా అందరికి చేసిన పట్టికకు వర్తింపవనియు కాలిఫోర్నియా కోర్టులు త్రోసిపుచ్చెను. 2024 ఏప్రిలు 12వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము ఏకగ్రీవముగా ఆ భేదము చెల్లదనెను. శాసనసభ చేసినంత మాత్రమున ఆ పరీక్ష తప్పదన్నమాట. అయితే ఆ 23,420 డాలర్లు అధికమా కాదా యనునది ఆ తీర్పు తేల్చలేదు. వ్యాజ్యమును క్రింది కోర్టులకు మరల పంపెను. గెలిచితిమని సంబరపడుటకు ముందు తీర్పు తుదివరకు చదువవలెనని మా జూనియర్లకు మేము చెప్పుట ఇందుకే.

ఇంక పొరుగూళ్ల పందెము సంగతి. దీనికి కెనడా దేశపు టొరాంటో ప్రాంతము తగిన చోటు. స్టీల్సు ఎవెన్యూ అను పెద్ద రోడ్డు టొరాంటో నగరమునకు ఉత్తరపు టెల్ల. ఆ రోడ్డు దాటినచో వాన్ నగరము. ఈ వైపు ఇల్లు కట్టువానికి ఒక రుసుము, ఆ వైపు కట్టువానికి వేరొకటి. ఒంటారియో రాష్ట్రపు 1997 నాటి చట్టము క్రింద, పెరుగుదల ఖర్చును పెరుగుదలయే భరింపవలెనను సూత్రముపై, ఈ రుసుములు ఏండ్ల తరబడి పెరుగుచు వచ్చెను. వాన్ నగరము తన వాటా క్రిందనే విడి ఇంటికి 94,466 కెనడా డాలర్లు తీసికొనుచుండెను. పై మండలమువారి రుసుము, బడుల రుసుము వేరు. 2024 నవంబరులో ఆ నగరము దానిని 2018 నాటి రేటునకు, అనగా 50,193 డాలర్లకు దించెను. 2025 జనవరిలో టొరాంటోకు పడమటనున్న మిస్సిసాగా తన రుసుమును సగమునకు తగ్గించెను. కొత్త ఇండ్ల అమ్మకములు పడిపోయినవి. కట్టని ఇంటినుండి ఏ రుసుమును రాదు. మా వకీలు బుద్ధికి ఇచ్చట ఒక సందేహము తోచుచున్నది. మొదటి లెక్క నిజమైన ఖర్చే యైనచో సగముతో పని యెట్లు సాగును? సగము చాలునన్నచో నిండుగా చెల్లించినవారు ఎవరి ఖర్చు చెల్లించిరి? మిగిలిన సగము పాతవారి పన్నునుండియో పై ప్రభుత్వముల ధనమునుండియో రావలసినదే. అది ముందే ఏల రాకూడదని అడుగువాడు లేకపోయెను. 2025లోనే ఆ రాష్ట్ర శాసనసభ, నివాసములపై ఈ రుసుమును అనుమతి దినమున గాక ఇంట చేరు నాటికి చెల్లించునట్లు చట్టము మార్చెను. కొన్ని రకముల ఇండ్లకు కాలిఫోర్నియా సయితము 2024లో అట్టి యేర్పాటు చేసెను.

ఇప్పుడు మన సంగతి. మన దేశమున మొదటి ప్రశ్న అధికారము. అహమ్మదాబాదు పట్టణాభివృద్ధి సంస్థ వ్యాజ్యములో 1992లో మన సుప్రీంకోర్టు తేల్చినదేమనగా, అభివృద్ధి రుసుము వేయు అధికారమును శాసనము స్పష్టముగా ఈయవలెను. అభివృద్ధి చేయు బాధ్యత యున్నది గావున రుసుము వేయు హక్కును ఉండునని ఊహించుకొనరాదు. మన పట్టణాభివృద్ధి సంస్థలకు 1975 నాటి చట్టము అట్టి అధికారము నిచ్చినది. కావున మనచోట వాదము అధికారముతో ముగియదు. వసూలైన సొమ్ము ఏ కాలువకు, ఏ రోడ్డునకు, ఏ పేటలో వ్యయమయ్యెను? పొరుగూరివారు తీసికొనుచున్నారను మాట ఈ ప్రశ్నకు జవాబు కాదు. కొత్త లేఅవుటులో ఇల్లు కట్టుకొన్నవాడు బెటర్మెంటు ఛార్జీయు అభివృద్ధి రుసుమును చెల్లించి, వానకాలమున మోకాటిలోతు నీటిలో నడచుట మనలో చూడనివారెవరు?

సమాచార హక్కు చట్టము వచ్చిన 2005వ సంవత్సరము మొదలు మేము ఆ యుద్యమమున స్వచ్ఛంద సేవకులముగ పనిచేయుచున్నాము. ఆ చట్టపు నాలుగవ సెక్షను ప్రకారము కార్యాలయములు తమ లెక్కలను అడుగకయే ప్రకటింపవలెను. అడిగినను ఈయని చోట్లు మేమెరుగుదుము; అయినను అడుగుట మానరాదు. మన పురపాలక సంఘమున కీయవలసిన అర్జీ నొకటి సిద్ధము చేసితిమి. మూడే ప్రశ్నలు: ఏ నిబంధన క్రింద ఎంత తీసికొనుచున్నారు, ఆ యంకెను ఏ లెక్కపై నిర్ణయించిరి, గత అయిదేండ్ల వసూలు ఏ పనికి పోయెను. ప్రతి గ్రంథాలయపు బల్లపై నున్నది. చదివి, నచ్చినవారు వ్రాలు చేయుడు.

ఇంకొక మాట చెప్పి కూర్చుండెదము. ఈ సభకు ఊరి వెలుపలి కొత్త కాలనీలనుండి ఎవరైన వచ్చిరా యని ఇందాక విచారించితిమి. ఒక్కరును రాలేదు. సభ సంగతి తెలుపు కాగితములను మనవారు పాత వీధులలోనే అంటించిరట. తప్పు మాదే. ఆదివారమునాడు జిగురుగిన్నె పట్టుకొని మేమే ఆ కాలనీలకు పోవుచున్నాము. వెంట వచ్చువారు ఉదయము ఏడుగంటలకు గ్రంథాలయము మెట్లయొద్దకు రండు.