సంఘము పేరును కాపాడు సంకేతము
(తుడియలూరు పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



బడి పండుగనాడు అంతర్జాలపు పేర్లను గూర్చిన ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. మీకు పంపిన ఆహ్వానపత్రిక అడుగున మన సంఘపు వెబ్‌సైటు పేరు అచ్చయి యున్నది. ప్రవేశపు వివరములు తెలిసికొనగోరువారును, దూరదేశములందలి పూర్వవిద్యార్థులును ఆ పేరు పట్టుకొనియే మనయొద్దకు వచ్చుచున్నారు. అది మన వీథివాకిలి వంటిది. ఆ వాకిలి తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో మనలో నెందరికి తెలియును?

డొమైన్ పేరును ఎవరును శాశ్వతముగా కొనజాలరు. రిజిస్ట్రారు అను నమోదు సంస్థకు గడువు తీరకముందే రుసుము చెల్లించి నిలుపుకొనవలెను. కామ్ వంటి పేర్లకు 1998లో ఏర్పడిన ఐకాన్ సంస్థ నియమములు చేయుచున్నది. మన దేశపు ఇన్ పేర్లను, తెలుగు లిపిలో భారత్ అని ముగియు పేర్లను నిక్సి సంస్థ నిర్వహించుచున్నది. ఒక రిజిస్ట్రారు సేవ నచ్చనిచో పేరును మరియొకరి యొద్దకు మార్చుకొనవచ్చును.

బిడ్డను బడి మార్చునపుడు టి.సి. అడుగుదురు గదా. ఇదియు నట్టిదే. మొదట మన ఖాతాలో పేరునకు వేసిన బదిలీ తాళమును తీయవలెను. పిదప అధికార సంకేతమును, అనగా ఆథ్ కోడును, పాత రిజిస్ట్రారునుండి పొందవలెను. అక్షరములును అంకెలును కలిసిన ఆ రహస్యపదమును కొత్త రిజిస్ట్రారున కిచ్చినచో మార్పు ఆరంభమగును. ఐకాన్ నియమముల ప్రకారము, యజమాని కోరిన 5 దినములలో సంకేతము నీయవలెను.

ఇంత కట్టుబాటేల? 2005 జనవరిలో న్యూయార్కునందలి పానిక్స్ అను అంతర్జాల సేవాసంస్థ పేరును, దాని యజమానులకు తెలియకయే, ఎవరో ఆస్ట్రేలియాలోని రిజిస్ట్రారు యొద్దకు మార్చివేసిరి. వినియోగదారుల ఉత్తరములు దారితప్పెను. పేరు తిరిగి చేజిక్కుటకు సుమారు రెండు దినములు పట్టెను. ఆనాటికి కామ్ పేర్లకు ఈ సంకేతము రాలేదు.

అయితే టి.సి.లో బిడ్డ పేరు, తండ్రి పేరు ఉండును. సంకేతమున నెవరి పేరును ఉండదు. అది చేత నున్నవాడే యజమానివలె చెల్లును.

మనకు దొంగల భయముకన్న మరపు భయమే ఎక్కువ. నేనెరిగిన యొక చిన్న సంఘమున ఉత్సాహవంతుడగు యువకుడు తన సొంత ఈ-మెయిలుతో పేరును నమోదు చేసెను. తరువాత ఉద్యోగమునకై దూరదేశము వెళ్లెను. గడువు హెచ్చరికలు అతడు చూడని పాత మెయిలునకే పోయినవి. సంకేతము కోరుటకు సంఘమున నెవరికిని అధికారము లేదు. పేరు జారిపోయెను. ఆ యువకునియందు దోషము లేదు. భారమంతయు ఒక్కనిపై మోపి మరచిన సంఘముదే దోషము.

కావున నా మనవి యిది. పేరు వ్యక్తి పేరున గాక సంఘము పేరున నుండవలెను. దానికి సంఘపు మెయిలే చేర్చవలెను. ఖాతా పాస్‌వర్డు కార్యదర్శికిని కోశాధికారికిని తెలిసియుండవలెను. కార్యవర్గము మారునపుడు లెక్కల పుస్తకములతో పాటు దానిని అప్పగించి, వెంటనే మార్చవలెను. గడువు తేదీని తీర్మానముల పుస్తకమున వ్రాయవలెను. సంకేతమును మార్పు సమయముననే కోరవలెను. ఫోనులో అడిగినవారికెల్ల చెప్పుట దొంగచేతికి తాళపుచెవి నిచ్చుటయే.

మన పెద్దలు ఈ కొంగునాట స్థిరపడియు తమ మాటను విడువలేదు. ఆ మాటకొరకు పెట్టుకొన్న బడి పేరును మన అజాగ్రత్తవలన పోగొట్టుకొనరాదు. నేడు ఇండ్లకు మరలుటకు ముందు కార్యదర్శిగారిని ఒక్క ప్రశ్న అడుగుడు: మన పేరు ఎవరి పేరున నున్నది?