గుండీ, దారం, గిర్రున తిరిగే ఫిజిక్స్

ఈ ఎపిసోడ్‌లో పిల్లల కోసం ఒక బొమ్మ డిజైన్ చేద్దాం. కావాల్సినవి రెండే: ఒక పెద్ద కోటు గుండీ, మీటరున్నర గట్టి దారం. బ్యాటరీ అక్కర్లేదు.

దీని పాత వెర్షన్ మీలో చాలామందికి తెలుసు. సోడా మూతను చదును చేసి, మేకుతో రెండు రంధ్రాలు కొట్టి, దారం ఎక్కించి గిర్రున తిప్పుతారు కదా, అదే. జనగామ, మహబూబాబాద్ లాంటి రైల్వే లైన్ ఉన్న ఊళ్లలో మూతను పట్టాల మీద పెట్టాలనే ఆలోచన కూడా వస్తుంది. అస్సలు వద్దు, ప్రాణం పోతుంది. పైగా వేగంగా తిరిగే రేకు అంచు అంటే రంపమే. వేలు తెగుద్ది, కంటికీ ప్రమాదం. అందుకే మన డిజైన్‌లో మొదటి రూల్: రేకు వద్దు, గుండీ గానీ మందపాటి అట్ట గానీ వాడాలి.

నాలుగు రంధ్రాల గుండీ అయితే ఎదురెదురు మూలల్లో ఉన్న రెండింట్లోంచి దారం పోనిచ్చి, కొసలు ముడేయండి. రెండు చివరలూ రెండు చేతుల వేళ్లకు తగిలించి, గుండీని ఇరవై చుట్లు మెలి తిప్పండి. ఇప్పుడు లాగండి, వదలండి, మళ్లీ లాగండి.

ఏం జరుగుతోంది? లాగినప్పుడు మెలి విప్పుకుంటూ దారం గుండీని తిప్పుతుంది. మెలి అంతా విడిపోయినా గుండీ ఆగదు. అదే జడత్వం. ఆ ఊపులోనే దారాన్ని రెండో వైపు మెలి పెడుతుంది. సరిగ్గా అప్పుడు చేయి వదులు చేయాలి. ఊయల ఊపినట్టే, టైమింగే అంతా.

ఇక అట్టతో ప్రయోగం. అదే అట్టలో సగం వ్యాసంతో చక్రం కోస్తే బరువు నాలుగో వంతే, తిరగడానికి అడ్డుపడే జడత్వం పదహారో వంతే. అందుకే చిన్నది తొందరగా వేగం అందుకుంటుంది. కానీ మరీ తేలికైతే దారాన్ని తిరిగి మెలి పెట్టలేదు. రెండు రంధ్రాలూ మధ్య బిందువుకు సమాన దూరంలో లేకపోతే వణుకుద్ది.

వేగం కొలవాలా? అంచు మీద ఒక చుక్క పెట్టి, ఫోన్‌లో 240 ఫ్రేముల స్లో మోషన్ తీయండి. ఒక చుట్టుకు 8 ఫ్రేములు పడితే సెకనుకు 30 చుట్లు, అంటే నిమిషానికి 1,800. మెల్లగా లాగితేనే కెమెరాకు చిక్కుద్ది.

మన దేశంలో పుట్టిన మను ప్రకాశ్, స్టాన్‌ఫర్డ్ టీమ్‌తో కలిసి ఇదే బొమ్మను సీరియస్‌గా తీసుకున్నాడు. ఉగాండాలో ఒక క్లినిక్‌లో కరెంటు లేక, రక్త పరీక్షల సెంట్రిఫ్యూజ్‌ను తలుపుకు అడ్డంగా పెట్టడం ఆయన చూశాడు. 2017లో ఆ టీమ్ ప్రకటించిన 'పేపర్‌ఫ్యూజ్' కాగితం, దారంతో చేసిందే. బరువు 2 గ్రాములు, ఖర్చు 20 సెంట్లు, వేగం నిమిషానికి 1,25,000 చుట్లు. ఒకటిన్నర నిమిషంలో రక్తం నుంచి ప్లాస్మాను వేరు చేస్తుంది.

భూపాలపల్లి అడవి పల్లెల్లో జ్వరమొస్తే ల్యాబ్ ఎంత దూరమో అక్కడివాళ్లకు తెలుసు. ఇలాంటి ఐడియాల విలువ అక్కడే తెలుస్తుంది. ఆ టీమ్ మొదట అడిగింది ఒక్కటే: ఇది ఎంత వేగంగా తిరుగుతుంది?

ఇంట్లో తమ్ముడితోనో చెల్లెతోనో కూర్చొని చేయండి. మొహానికి దూరంగా పట్టుకోవాలె, మర్చిపోవద్దు. మీ చక్రం వ్యాసం, వేగం కామెంట్‌లో పెట్టండి. ఉంటా మరి!