ఇద్దరు తండ్రులు

1997లో జెరూసలేంలోని బెన్ యెహుదా వీధిలో ఆత్మాహుతి దాడి జరిగింది. ఇజ్రాయెలీ అయిన రామీ ఎల్హనన్ కూతురు స్మదార్ అందులో చనిపోయింది. ఆ పిల్లకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు.

2007లో జెరూసలేం పక్కనున్న అనాతాలో, పాలస్తీనీయుడు బస్సామ్ అరామిన్ కూతురు అబీర్, పదేళ్ల పిల్ల, బడి దగ్గర కొట్లో మిఠాయి కొనుక్కుని వస్తోంది. ఇజ్రాయెల్ సరిహద్దు పోలీసుల రబ్బరు తూటా తలకు తగిలింది. పిల్ల దక్కలేదు. కాల్చినవాడి మీద కేసే నడవలేదు. అయినా తండ్రి పట్టు వదల్లేదు. 2010లో ఇజ్రాయెల్ సివిల్ కోర్టు బాధ్యత ప్రభుత్వానిదేనని తేల్చింది. ఆ దేశపు కోర్టుకే వెళ్లిన బస్సామ్, కుర్రతనంలో ఏడేళ్లు ఇజ్రాయెల్ జైల్లో గడిపిన మనిషి!

అయినవాళ్లను పోగొట్టుకున్న ఇరువైపుల కుటుంబాల సంఘం తరఫున ఇప్పుడు వీళ్లిద్దరూ పక్కపక్కనే కూర్చుని మాట్లాడతారు. పాలస్తీనా నేల మీద ఇజ్రాయెల్ ఆక్రమణ పోవాలని రామీ బాహాటంగా అంటారు. మనిషి హక్కుల గురించి వీళ్ల మాటనే నేను ముందుగా నమ్ముతాను.