ఛార్జ్ అంటే ఫోన్ ఛార్జింగ్ ఒక్కటేనా?

ఈరోజు మన మాట ఛార్జ్. ఖానాపూర్ బస్టాండ్‌ల కాసేపు నిలబడితే చాలు, ఈ ఒక్క మాటే నాలుగు తీర్ల వినిపిస్తది. "నిర్మల్‌కు ఛార్జీ ఎంత?" "ఫోన్‌ల ఛార్జింగ్ లేదు." "ఇన్‌ఛార్జి సార్ ఇంకా రాలే." "వాని మీద ఛార్జిషీట్ వేసిన్రట."

ఇన్ని అర్థాలు ఎట్ల గుర్తుపెట్టుకోవాలె? మూలం చూస్తే సులువు. లాటిన్ భాషలో కర్రుస్ అంటే బండి. కార్ అనే మాట కూడా అక్కడిదే. బండి మీద బరువు ఎత్తడం అనే అర్థంతో ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లకు ఛార్జ్ వచ్చింది. అంటే, బరువు వేయడం.

ఇప్పుడు చూడండి. బ్యాటరీకి కరెంటు ఎక్కిస్తే ఛార్జ్. మన మీద ఖర్చు వేస్తే ఛార్జ్. బాధ్యత భుజాన పెడితే ఇన్‌ఛార్జ్. నేరం మోపితే కూడా ఛార్జే. తెలుగులో కూడా బరువు మోపుతాం, నేరం మోపుతాం కదా!

ఒక తేడా ఉంది. బస్సు టికెట్ ధరను మనం ఛార్జీ అంటాం, ఇంగ్లిష్‌లో మాత్రం ఫేర్ అంటరు. ఇంటర్వ్యూలో "బస్ ఫేర్" అనండి. ఉచితమైతే "ఫ్రీ ఆఫ్ ఛార్జ్". 2023 డిసెంబర్ 9 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ల ప్రయాణం ఇట్లనే ఫ్రీ ఆఫ్ ఛార్జ్.

ఇగ అసలు జాగ్రత్త ఇక్కడ. ఏదన్న యాప్‌లో ఫ్రీ ట్రయల్ అని నొక్కుతరు. కింద చిన్న అక్షరాల్లో "యు విల్ బి ఛార్జ్‌డ్ ఆఫ్టర్ సెవెన్ డేస్" అని ఉంటది. అది ఫోన్ ఛార్జింగ్ ముచ్చట కాదు. ఏడు రోజుల తర్వాత మీ ఖాతాల నుంచి పైసలు కట్ అయితయి. వద్దనుకుంటే గడువు లోపలే సబ్‌స్క్రిప్షన్ క్యాన్సిల్ చేయాలె. యాప్ డిలీట్ చేస్తే సరిపోదు.

ఇంకోటి. వార్తల్లో ఒక మనిషిని "ఛార్జ్‌డ్ విత్ థెఫ్ట్" అని రాస్తే, దొంగతనం ఆరోపణ మోపిన్రు అని అర్థం. నేరం రుజువైందని కాదు. రుజువైతే కన్విక్టెడ్ అంటరు. ఆ తేడా తెలువకుండా వాట్సాప్ గ్రూపుల్లో "దొంగ" అని ఫార్వర్డ్ చేస్తే ఒక మనిషి పరువు పోతది.

కాబట్టి ఛార్జ్ అని కనబడంగనే అడగండి: ఏం బరువు? ఎవరి మీద? అర్థం దానంతట అదే దొరుకుతది. మళ్ళ కలుద్దాం!