దిగులునకు చిత్తరువు కలదా?

శ్రోతలు మాకు వ్రాయు జాబులలో ఒక ప్రశ్న తరచుగా కనిపించుచున్నది. ఇంటిలో ఒకరు నెలల తరబడి మాట తగ్గించినారు. నిద్ర లేదు, అన్నము సయించదు, పనిలో మనస్సు నిలువదు. తలకు స్కాను తీయించినచో జబ్బు బయటపడునా? కొల్లేటి లంకలనుండియు, కైకలూరు, ఆకివీడు ప్రాంతములనుండియు, తాడేపల్లిగూడెమునుండియు ఈ ఆశతో ఏలూరు వచ్చి, వేలకొలది రూపాయలు వెచ్చించి చిత్రము తీయించుకొను కుటుంబములు కలవు. చిత్రములో దోషము లేదని తేలినప్పుడు ఇంటివారికి ఊరట కలుగవలెను. కాని కొన్ని యిండ్లలో దానికి మారుగా వేరొక మాట వినవచ్చుచున్నది: "తలలో ఏమీ లేదట. ఇవన్నీ వేషాలు." రోగికి ఆ మాట జబ్బుకంటె బరువైనది. కావున మెదడు చిత్రము ఏమి చూపగలదో, ఏమి చూపజాలదో నేడు కొంత విచారింతము.

మొదట యంత్రము సంగతి. 1895లో రంట్‌జెన్ ఎక్స్-కిరణములను కనుగొనుటతో ఒంటిలోని ఎముకలు కంటికి కనబడినవి. మెదడు మాత్రము కపాలము చాటుననే యుండిపోయినది. 1971లో లండను నగరమున హౌన్స్‌ఫీల్డ్ సి.టి. స్కానుతో తొలి రోగిని పరీక్షించగా ఆ మరుగు తొలగినది. పిమ్మట అయస్కాంతశక్తితో పనిచేయు ఎమ్.ఆర్.ఐ. వచ్చినది. మామూలుగా ఆసుపత్రులలో తీయు ఈ రెండు చిత్రములును మెదడు ఆకారమును చూపును. గడ్డ యున్నదా, రక్తము చిమ్మినదా, వాపు కలదా, నాళము పూడినదా అను ప్రశ్నలకు వానివలన జవాబు దొరకును. ఇట్టి లోపములు ఒక్కొక్కప్పుడు దిగులు రూపముననే బయటపడును. అందువలననే వైద్యుడు అనుమానము తోచినప్పుడు స్కాను వ్రాయును. థైరాయిడు పరీక్ష చేయించుటయు అందులకే. అవి లేవని తేల్చుకొనుట గొప్ప మేలే. కాని దిగులు జబ్బు ఉన్నదని గాని లేదని గాని ఆ చిత్రము చెప్పదు.

"చిత్రములో లేదు కనుక జబ్బే లేదు" అను వాదము ఎంత తప్పో ఏలూరు వారికి వేరుగ చెప్పనక్కరలేదు. 2020 డిసెంబరు మొదటి వారమున వన్ టౌన్ ప్రాంతములో జనులు ఉన్నట్టుండి మూర్ఛవచ్చి పడిపోయినారు. కొలది దినములలోనే బాధితుల సంఖ్య ఐదు వందలు దాటినది. మెదడుకు సి.టి. స్కానులు తీసినారు, కారణము చూపగల దోషము వానిలో కనబడలేదు. అంతమాత్రమున వారిది నటన అని ఎవరైన అనగలిగిరా? ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ పరీక్షించిన రక్తములో సీసము, నికెలు ఉన్నట్లు తేలినది. పురుగుమందుల అవశేషములపైనను పరిశోధకులు దృష్టి నిలిపినారు. మూర్ఛ వేరు, దిగులు వేరు. అయినను పాఠము ఒక్కటే: ఒక పనిముట్టుకు అందనిది లోకములో లేకపోలేదు.

ఆకారమునే గాక మెదడు పనిచేయు తీరును చూచు పద్ధతులు కూడ వచ్చినవి. మెదడులో ఏ భాగము శ్రమించునో ఆ వైపునకు రక్తము హెచ్చుగా ప్రవహించును. ప్రాణవాయువు నిండిన రక్తమునకును, అది తరిగిన రక్తమునకును అయస్కాంతగుణమున తేడా కలదు. ఆ తేడాను ఆధారము చేసికొని 1990లో జపాను దేశీయుడగు సెయిజి ఒగావా క్రొత్త త్రోవ చూపినాడు. కాలువనీరు ఏ బోదెకు మళ్లినదో చూచి ఏ చేను తడియుచున్నదో ఊహించుట వంటిది ఇది. ఆ చేనిలో ఏ పైరు ఎదుగుచున్నదో మాత్రము నీరు చెప్పదు.

ఈ త్రోవలలో పరిశోధకులు కొంత సాధించినారు. దిగులు జబ్బుగల వారిలో మెదడు ముందుభాగమున, లోపలివైపున ఒక చిన్న ప్రదేశము మితిమీరి పనిచేయుచున్నట్లు హెలెన్ మేబర్గ్ అను వైద్యురాలి బృందము గమనించినది. ఏ చికిత్సకును లొంగని ఆరుగురికి టొరంటోలో ఆ ప్రదేశమున సన్నని తీగ నమర్చి విద్యుత్తు ప్రసరింపజేయగా, ఆరు నెలలకు నలుగురిలో మేలు నిలిచినదని 2005లో ప్రకటించినారు. తరువాత జరిగిన పెద్ద పరీక్షలో అట్టి విజయము రుజువు కాలేదు. 2016లో ప్రచురింపబడిన మరొక పరిశీలనలో పలు దేశములవారు సుమారు 1,700 మంది రోగుల చిత్రములను, 7,000 మంది ఆరోగ్యవంతుల చిత్రములతో పోల్చినారు. జ్ఞాపకమునకు సంబంధించిన హిప్పోకాంపస్ అను భాగము రోగులలో సగటున ఒక శాతము పాటి చిన్నదిగా నుండెను. ఇచ్చట "సగటున" అను మాటయే ముఖ్యము. ఆ భాగము చిన్నదైయుండియు హాయిగా బ్రతుకువారు కలరు. పెద్దదైయుండియు దిగులుతో క్రుంగువారు కలరు. గుంపును గూర్చి నిజమైన మాట ఒక మనిషికి తీర్పు కాజాలదు.

ఇంత చిన్న తేడాలను వెదకునప్పుడు ఎంత జాగ్రత్త వలయునో చెప్పు ప్రయోగ మొకటి కలదు. చేపల పెంపకముతో బ్రతుకు మన ప్రాంతమువారికి అది నవ్వు పుట్టించును. అమెరికాలో కొందరు శాస్త్రజ్ఞులు చచ్చిన సాల్మను చేప నొకదానిని యంత్రములో నుంచి, దానికి మనుష్యుల బొమ్మలు చూపి, మెదడు చిత్రము తీసినారు. 2009లో ఆ ఫలితమును వెల్లడించినారు. చచ్చిన చేప మెదడులోను కొన్ని చుక్కలు పనిచేయుచున్నట్లు వెలిగినవి! ఒకే చిత్రములో వేలకొలది చుక్కలను విడివిడిగా పరీక్షించినప్పుడు, కొన్ని కేవలము యాదృచ్ఛికముగా వెలుగును. ఆ లెక్కను సరిదిద్దగానే వెలుగు మాయమైనది. రంగుల చిత్రమును చూచి తొందరపడి నమ్మరాదని శాస్త్రజ్ఞులు తమకు తాము చెప్పుకొన్న హెచ్చరిక యది.

దీనివలన పరిశోధన వ్యర్థమని తలపరాదు. ఎక్స్-కిరణములు వెలుగుచూచిన 1895లోనే మన భీమవరమున ఎల్లాప్రగడ సుబ్బారావు జన్మించినారు. ఆయన అమెరికాలో ఫిస్కేతో కలసి, కండరములలో శక్తిని నిలువచేయు ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును కనుగొన్నట్లు 1927లో ప్రకటించినారు. ఆ పదార్థము మెదడులోను కలదు. నేడు అయస్కాంతయంత్రముతో, కత్తి తగులకుండ, సజీవమైన మెదడులో దానిని కొలుచుచున్నారు. దిగులు జబ్బులో మెదడు శక్తివ్యయము మారుచున్నదా అని పరిశీలించుచున్నారు. నాడు ఎవరును ఊహింపని చోట ఆ పరిశోధన అక్కరకు వచ్చినది. నేటి ఈ చిత్రములును మునుముందు ఎవరికి ఏ మందు పనిచేయునో చెప్పగలవని ఆశింపవచ్చును. ఆ దినము ఇంకను రాలేదు.

అంతవరకు వైద్యుని సాధనము సంభాషణయే. దిగులు గాని, దేనియందును ఆసక్తి లేకపోవుట గాని రెండు వారములు విడువక యున్నదా? దానికి తోడు నిద్ర, ఆకలి చెడినవా? అలసట, ఏకాగ్రత లేమి, తాను పనికిరానివాడనను భావము, చావు తలంపు కలవా? ఈ ప్రశ్నల జవాబులనుబట్టియే రోగనిర్ణయము జరుగును. మాటలతో చేయు చికిత్సయు, మందులును గుణమిచ్చును. మందుల ఫలితము కనబడుటకు కొన్ని వారములు పట్టును. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో జరిపిన జాతీయ పరిశీలన ప్రకారము, ఈ జబ్బుగల వారిలో నూటికి సుమారు 85 మందికి చికిత్స అందుటలేదు. వారికి కొరవడినది స్కాను కాదు, తమ మాట వినువారు. 2022 అక్టోబరునుండి టెలి-మానస్ అను ప్రభుత్వ సేవ పనిచేయుచున్నది. 14416 సంఖ్యకు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. చావు మాట వినబడినచో మాత్రము ఆ మనిషిని ఒంటరిగా విడువక వెంటనే సాయము పొందవలెను.

ఆకాశమునుండి తీసిన చిత్రములో కొల్లేటి చుట్టునున్న చేపల చెరువులన్నియు గట్లతో సహా కనిపించును. కాని తెల్లవారుజామున ఏ చెరువులో ప్రాణవాయువు తగ్గినదో, ఏ చేపలు నోళ్లు తెరచి నీటిపైకి తేలుచున్నవో, గట్టుమీద నిలిచిన రైతుకే ముందుగా తెలియును. అతడు చిత్రముకొరకు వేచియుండడు. ఇంటిలో మాట తగ్గిన మనిషికి గట్టుమీద నున్నవారు ఇంటివారే. స్కాను చీటీని బీరువాలో పెట్టి, ఆ మనిషి ప్రక్కన కూర్చుండి, "ఎట్లున్నది?" అని అడిగి, జవాబు పూర్తియగువరకు వినుడు. వైద్యునికడకు త్రోవ అచ్చటనే మొదలగును.